ఈడ నొస్తా ఉండాది

పుత్తూరు రైలుగేటు అవతల
కూల్చేసిన మిద్దెలో దొరికింది ద్వారబంధం.
టేకుది. తొంభై ఏళ్ళదన్నాడు మేస్త్రీ,
బేరం మొదలయ్యాక నూటపదన్నాడు.
నాలుగొందలిచ్చి సైకిలుకి కట్టుకొచ్చాను.

రంపం పెట్టలేదు.
రంపానికి తొందర,
కొయ్య ఎటు పోవాలనుకుందో అడగదు.
ఉలి ఆనించి ఒక్క దెబ్బ.
నార వెంట నార దానంతటదే విడిపోవాలి.
మొరాయించింది పొయ్యిలోకి.
ముప్పై చీలిస్తే పద్నాలుగు మిగిలాయి.

మొదట నాలుగు పలకలు.
మూలలు తీస్తే ఎనిమిది, మళ్ళీ తీస్తే పదహారు.
ఆపైన లెక్క వేళ్ళకే వదిలేయాలి.
చిత్రికలోంచి లేచిన చుట్టలు
సుగుణ చీరమీదికి, చారులోకి.
"వంటింట్లో స్విచ్చి కాలిపోయి నెలయింది,
ఎలక్ట్రీషియన్ గారు పుల్లలకి గడ్డం గీస్తున్నారు" అంది.
నిజమే.
ఉప్పుకాగితం చేతిలో ఉంటే
నాకు జవాబులు తోచవు.

అన్నీ ఒకే బరువు తూగాలి.
నగల అంగట్లో త్రాసు అడిగితే
దామోదరం కళ్ళద్దాలు ఎగదోసి
"తరుగు ఎంత వేయమంటావు?" అన్నాడు.

రెండు మేకుల మీద పుల్లను పడుకోబెట్టి
నడుముకి అరకిలో గుండు వేలాడదీశాను,
ఎంత వంగిందో గోడ మీద పెన్సిలు గీత.
అసలు వంగనిది పనికిరాదు.
నారి వదలగానే బాణం
చేపలా ఒళ్ళు తిప్పి వింటిని తప్పుకు పోవాలి.
బిర్రబిగిసింది వింటినే తన్ని పక్కకు పడుతుంది.

నారాయణవనం రోడ్డులో సీమకోళ్ళు పెంచే పొన్నెమ్మ
సంచెడు ఈకలు ఊరికే ఇచ్చింది.
ఎడమ రెక్కవి ఎడమవాటితోనే,
కుడివి కలిపితే గాలిలో తగువు.
వజ్రం కాచి అంటించి, మగ్గం దారం చుట్టి,
గోటితో నొక్కి ఆరబెట్టాను.

పదమూడోది మాత్రం లొంగలేదు.
అద్దం మీద దొర్లిస్తే టకటక.
రాత్రి సెగ చూపించి సరిచేస్తే
తెల్లారేసరికి మళ్ళీ అదే గూని.
వారం తర్వాత ఏకాంబరం ఇంటికి పట్టుకెళ్ళాను.

నలభై ఏళ్ళు ఎముకలకి కట్లు కట్టిన చేతులు,
చూపు పోయి ఆరేళ్ళు.
"ఏ ఊరు?" అన్నాడు ముందు, రోగిని అడిగినట్టు.
ద్వారబంధం సంగతి చెప్పాను.
తలూపాడు.
బొటనవేలు పుల్ల మీద చీమలా నడిచింది,
వెనక్కి వచ్చింది,
ఆగింది.
"ఈడ నొస్తా ఉండాది దీనికి."

నేను కాలుస్తున్నది అక్కడికి నాలుగు వేళ్ళ అవతల.
వంపు కనబడేది అక్కడే కదా అన్నాను.
"కనపడేది ఆడ. పుట్టింది ఈడ.
మోచెయ్యి నొస్తాదని వస్తారు నాయనా,
చూస్తే భుజం జారుంటాది."

కుంపటి రాజేశాను.
నా చేతుల మీద ఆయన చేతులు.
"లాగబాక. ఊపిరి వదిలేదాకా పట్టుకో."
ఎవరి ఊపిరని అడగలేదు.
బొగ్గు చిటపటలాడింది,
నా వేళ్ళ కింద ఎక్కడో, చాలా లోపల,
తొంభై ఏళ్ళో నూటపదేళ్ళో
తలుపు బరువు మోసిన మొండితనం
కొంచెం జరిగింది.

ఆదివారం మామిడితోపు వెనక
గడ్డిమోపుకి కొట్టాను.
నగరి కొండ ముక్కు మీద ఎండ ఉంది ఇంకా.
పదమూడోది నడిమికి జానెడు కింద దిగింది.
ఏడోది, నేను మురిసిపోయి దాచుకున్నది,
తోపులో ఎక్కడో పడి దొరకనేలేదు.

కట్టుకూలి ఏమివ్వాలంటే
బాణమొకటి చాలన్నాడు, ములికి లేకుండా.
పద్నాలుగోది ఇచ్చాను.
మొన్న పోతే అరుగు మీద కూర్చొని
చొక్కా వెనక దూర్చి గోక్కుంటున్నాడు,
కళ్ళు మూసుకొని, పరమసుఖంగా.
"చెయ్యందని చోటుండాదే, నడీపులో..
గురి తప్పడంల్యా అబ్బయా."